మహిళా విభాగం పెట్టేవాళ్ళకి తలకిందుల సలహాలు

ఇవన్నీ తప్పుడు సలహాలని మా కార్మిక సంఘంలో పెద్దలు చాలామంది నా మొహం మీదే అన్నారు. ఒకాయన కాగితం చదివి, "అమ్మా, మీరు చెప్పినట్టు చేస్తే విభాగం నెల తిరక్కుండా మూతపడుద్ది" అని తిరిగిచ్చేశాడు. ద్వారకా తిరుమల, భీమడోలు, కామవరపుకోట దారుల్లో కూలి ఆడవాళ్ళతో ఇరవై ఏళ్ళకి పైగా తిరిగినదాన్ని. అందరూ సరైనవన్న సలహాలు పాటించి రెండుసార్లు విభాగం పెట్టాం, రెండుసార్లూ పోయింది. మూడోసారి పెట్టింది నిలబడింది. ఎలా నిలబడిందో చెప్తున్నాను. పెట్టబోయేవాళ్ళు వినండి.

ముందుగా, మీటింగు పెట్టకండి.

సంఘం ఆఫీసు ఏలూరులో ఉంటుంది. కుర్చీలుంటాయి, ఫ్యానుంటుంది. ఆదివారం సాయంత్రం ఐదింటికి అందరూ రావాలని కరపత్రం వేస్తాం. వారం బట్టలన్నీ ఉతికి ఆరేసుకుని, పిల్లలకి తలంటి, రాత్రి వంటకి బియ్యం కడిగే వేళ అది. వచ్చే ముగ్గురూ మొహమాటానికి వస్తారు. వాళ్ళు కూడా బస్సు తప్పిపోతుందేమోనని గోడ గడియారం వంకే చూస్తుంటారు. అది చూసి మనం "ఆడవాళ్ళలో చైతన్యం లేదు" అని మినిట్స్ పుస్తకంలో రాసుకుంటాం. మొదటి రెండు విభాగాలూ ఇలాగే పోయాయి. మినిట్స్ రాసింది నేనే.

మీటింగు రోజూ జరుగుతూనే ఉంది, మనం వెళ్ళడం లేదంతే. పొద్దున్నే ఐదు దాటాక ద్వారకా తిరుమలలో, అదే మా చిన్న తిరుపతి సెంటర్లో నిలబడి చూడండి. కొండమీద దీపాలు ఇంకా వెలుగుతుంటాయి. గుండు చేయించుకునే యాత్రికులు ఒక పక్క దిగుతుంటే, ఇంకో పక్క ఆడకూలీలు ఆటోలెక్కుతుంటారు. ఒక్కో ఆటోలో పన్నెండు మంది, పద్నాలుగు మంది. ఒళ్ళో క్యారేజీ, భుజం మీద మగవాళ్ళ పాత చొక్కా, ముల్లు గుచ్చుకోకుండా చేతులకి తొడుక్కోడానికి చిరిగిన సాక్సులు. నిమ్మతోటకో, పామాయిల్ తోటకో, కోకో కాయలు కొట్టడానికో పోతారు. పోవడానికి ముప్పావుగంట, రావడానికి ముప్పావుగంట. ఎవరి మొగుడు ఏం చేశాడో, ఏ రైతు లెక్క తప్పించాడో, ఏ మేస్త్రి మాట మంచిది కాదో, అన్నీ ఆ ఆటోలోనే తేలతాయి. మీరూ ఎక్కండి. మీ చార్జీ మీరివ్వండి. మొదటి పది రోజులు నోరు తెరవకండి. పదకొండో రోజు వాళ్ళే "ఏం అక్కా, నువ్వేం మాట్లాడవేంటి" అంటారు. అప్పుడు మొదలుపెట్టండి.

మొదలుపెట్టాక కూడా హక్కుల గురించి చెప్పకండి. పని గురించి అడగండి.

ఇది నాకు పామాయిల్ తోటలో తెలిసొచ్చింది. పొడవాటి గెడకి కత్తి కట్టి గెల కోసేది మగవాళ్ళు. కింద పడ్డప్పుడు చెల్లాచెదురైన పండ్లని మట్టలోంచి, ముళ్ళలోంచి, గడ్డిలోంచి ఏరి గోనెసంచిలో పోసేది ఆడవాళ్ళు. టన్నుకి ఇంతని ముఠాకి వచ్చిన డబ్బుల్లో ఏరినవాళ్ళ వాటా ఎప్పుడూ తక్కువే. ఎందుకంటే అది "ఏరుకునే పని" అట. సమాన పనికి సమాన వేతనమని 1976లోనే చట్టం వచ్చిందని, ఇప్పుడది వేతనాల కోడ్‌లో ఉందని నేను గంటసేపు చెప్పాను. తల ఊపారు. మర్నాడు అదే కూలి. చట్టానికి యజమాని దగ్గర జవాబు తయారుగా ఉంది: పని సమానం కాదు కదా!

ఒకరోజు ఏరుతూ ఏరుతూ ఒక పెద్దావిడ ఒక పండు నలిపి నా అరచేతిలో పెట్టింది. వేళ్ళన్నీ నారింజరంగు జిడ్డు. "గెలకి అంటుకునున్న దాన్ని నలిపి చూడు, ఇంత రాదు" అంది. బాగా పండితేనే పండు గెల నుంచి రాలుతుంది, నూనె ఎక్కువుండేదీ అందులోనే. పెదవేగిలో ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉంది, అక్కడి శాస్త్రవేత్తల్ని అడిగినా ఇదే చెప్తారు. కోసిన గెల 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరకపోతే నూనె నాణ్యత పడిపోతుందని కూడా అంటారు. అంటే తోటలో అన్నిటికంటే విలువైన పండు ఆడవాళ్ళ చేతుల మీదుగా పోతోంది, దానికో గడువు కూడా ఉంది. ఆ సంగతి ఆమెకి నాకంటే ముందే తెలుసు. ఆమెను ఎవరూ అడగలేదు. తర్వాత ఆ రైతుతో బేరానికి ఆమే కూర్చుంది, అరచేతిలో రెండు పండ్లు పట్టుకుని. నేను గుమ్మం బయట నిలబడ్డాను. వాటా పెరిగింది. సమానం కాలేదు, పెరిగింది.

అందుకే అంటున్నాను. పొగాకు బ్యారన్ దగ్గర ఆకు కర్రలకి కట్టేవాళ్ళైనా, తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయలు ఏరి గ్రేడు చేసేవాళ్ళైనా, కొల్లేరు పక్కన రొయ్యల తలలు వలిచేవాళ్ళైనా, తమ పని ఏ గంటలో ఆగితే ఎవరికి ఎంత నష్టమో వాళ్ళకి తెలిసినంతగా ఏ లాయరుకీ తెలియదు. మీరు ఆ లెక్క రాసిపెట్టండి చాలు.

కుట్టుమిషన్లు పంచకండి. ఇది చెప్తే చాలామందికి కోపం వస్తుంది. మిషన్ ఇస్తే ఫోటో బాగుంటుంది, దాత సంతోషిస్తాడు, ఒకరిద్దరికి నిజంగానే ఆసరా అవుతుంది. కాదనను. కానీ కూలికి పోయే మనిషికి ఆ కూలిలో న్యాయం చేయలేక ఇంకో పని చేతిలో పెడుతున్నాం అంటే, మొదటి పనిని మనం వదిలేసుకున్నట్టే.

ఈ సంగతి మన దేశంలో ఒక పెద్ద సంఘం ఎప్పుడో చూసింది. అహ్మదాబాద్‌లో అనసూయా సారాభాయి, గాంధీ కలిసి నిలబెట్టిన మజూర్ మహాజన్ 1920 నాటిది, బట్టల మిల్లు కార్మికుల సంఘం. 1954లో అందులో మహిళా విభాగం పెట్టారు. మిల్లు కార్మికుల ఇళ్ళలోని ఆడవాళ్ళకి కుట్టు, అల్లిక, టైపు నేర్పేవారు. 1968లో ఆ విభాగం ఇలా భట్ చేతికొచ్చింది. కొన్నేళ్ళకి బట్టల బజారులో మూటలు మోసే ఆడవాళ్ళు, బళ్ళు లాగే ఆడవాళ్ళు వచ్చి ఆమె ముందు నిలబడ్డారు. వాళ్ళు ఎవరి భార్యలమని చెప్పుకుని రాలేదు, కూలీలమని వచ్చారు. 1972లో 'సేవ' పుట్టింది. రిజిస్ట్రారు అడ్డం పడ్డాడు: మీకు యజమానే లేడు, ఎవరి మీద పోరాడతారు, ఇది సంఘం ఎలా అవుతుంది? యజమానికి ఎదురు నిలవడానికే కాదు, కార్మికులు ఒకటవడానికీ సంఘమేనని వాదించి రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నారు. 1974లో నాలుగు వేల మంది తలా పది రూపాయలు వేసి బ్యాంకు పెట్టుకున్నారు. సంతకం రానివాళ్ళకి ఫోటోయే గుర్తు. 1981లో మాతృసంఘం వాళ్ళని బయటికి పంపించింది. బ్యాంకు, సభ్యులు, లెక్కల పుస్తకాలు అప్పటికే తమవి కాబట్టి సేవ నిలిచింది. కుట్టు క్లాసుల దగ్గరే ఆగిపోయుంటే పంపించాల్సిన అవసరమే వచ్చేది కాదు.

పెద్ద డిమాండుతో మొదలుపెట్టకండి.

కొల్లేరు వైపు ఒక రొయ్యల షెడ్డు. పేరు వద్దు. ఐసులో పెట్టిన రొయ్యల తలలు తీసేవాళ్ళు నలభై మంది దాకా, కిలోకి ఇంతని లెక్క. చల్లదనానికి వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, గోళ్ళ పక్కన చర్మం పగిలిపోయి ఉంటుంది. మేం వెళ్ళి కిలో రేటు పెంచాలని అర్జీ రాశాం. ఎనిమిది మంది వేలిముద్రలు వేశారు, మర్నాటికి ఐదుగురు వెనక్కి తీసుకున్నారు. సరేనని ఒక మధ్యాహ్నం అన్నాలు తినే వేళకి ఊరికే కూర్చున్నాను. ఎవరూ నీళ్ళు తాగడం లేదు. ఎండాకాలం, అంతసేపు నిలబడి పని, ఒక్కరూ గ్లాసు ముట్టుకోరు. ఎందుకమ్మా అంటే ఒకమ్మాయి తల దించుకుని, "దొడ్డికి గడియ లేదక్కా" అంది.

మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు. లోపలికెళ్ళాలంటే బయట ఇంకొకరు కాపలా ఉండాలి, ఇద్దరి కిలోల లెక్కా పోతుంది. అందుకని పొద్దున్నించీ నీళ్ళే మానేశారు. ఒంట్లో మంట, జ్వరం, వారానికొకరు సెలవు. మేం గడియ అడుగుదామన్నాం. మా పెద్దలు "గడియ కోసం సంఘం పెట్టామా?" అన్నారు. నలభై మందీ వెళ్ళారు. సూపర్‌వైజరు ఆ సాయంత్రమే వంద రూపాయల్లోపు ఒక గడియ, నాలుగు మేకులు తెప్పించాడు. మేకులు కొట్టింది ఆ అమ్మాయే. మర్నాడు పది గంటలకి బిందెలో నీళ్ళు అయిపోయాయి. కిలో రేటు అర్జీ మీద మూడు నెలల తర్వాత నలభై వేలిముద్రలూ పడ్డాయి. ఒక్కటీ వెనక్కి పోలేదు.

కార్మిక చట్టాల పుస్తకం కంటే ముందు పంచాంగం కొనండి.

మా చిన్న తిరుపతి పెళ్ళిళ్ళ ఊరు. ముహూర్తం బాగున్న రోజున కొండ కింద సత్రాల్లో, మండపాల్లో ఒకదాని పక్కన ఒకటి పెళ్ళిళ్ళే. స్వామివారి కల్యాణాలు ఏడాదికి రెండు, వైశాఖంలో ఒకటి, ఆశ్వయుజంలో ఒకటి. అప్పుడూ జనం విరగబడతారు. గదులు ఊడ్చేవాళ్ళు, దుప్పట్లు ఉతికేవాళ్ళు, క్యాటరింగులో కూరలు తరిగేవాళ్ళు, వడ్డించేవాళ్ళు, అర్ధరాత్రి దాకా డేగిసాలు తోమేవాళ్ళు, దాదాపు అందరూ ఆడవాళ్ళే. మూఢం వచ్చిందంటే ఒక్క పెళ్ళి ఉండదు. ఆషాఢం సరేసరి. ఆ రోజుల్లో వీళ్ళకి పనుండదు, అప్పు ఉంటుంది. ఆ అప్పు తీర్చడానికి ముహూర్తాల రోజుల్లో ఎంతిస్తే అంతకి ఒప్పుకుంటారు.

మేం ఉగాదికి పంచాంగం కొని మంచి ముహూర్తాల తేదీలకి ఎర్ర సిరా చుట్టాం. ఒకే రోజు ఎక్కువ పెళ్ళిళ్ళున్న తేదీలేవో, క్యాటరింగువాళ్ళు మనుషుల కోసం ఆటోలేసుకుని ఊళ్ళమ్మట తిరిగే తేదీలేవో ముందే తెలిసిపోయాయి. ఆ తేదీలకి నెల ముందే రేటు మాట్లాడుకున్నాం: రాత్రి పది దాటితే అదనం, ఇంటిదగ్గర దించే బాధ్యత వాళ్ళదే. ఇంకో నల్ల సిరా గీత మూఢం మొదలయ్యే తేదీకి. ఆ రోజుకల్లా ముహూర్తం పని చేసిన ప్రతి మనిషీ పనిరోజుకి ఇంతని డబ్బాలో వేసుండాలి. మూఢంలో బియ్యానికి అందులోంచి తీసుకోవచ్చు, వడ్డీ లేదు. పంచాంగం చూసి ఒక పురోహితుడు గారు నవ్వారు, తర్వాత ఆయనే మరుసటి ఏడు ముహూర్తాలు ముందుగా చెప్పి పంపారు.

బాగా మాట్లాడే ఆమెను అధ్యక్షురాలిని చేయకండి. మైకు ముందు గడగడా మాట్లాడేవాళ్ళని చూస్తే మనకి ముచ్చట. సభలకి వాళ్ళు కావాలి, పంపండి. విభాగాన్ని మాత్రం ఇంటి తాళంచెవి నలుగురు ఎవరి దగ్గర వదిలిపెట్టి వెళ్తారో ఆమె చేతిలో పెట్టండి. ప్రతి పేటలోనూ అలాంటి ఒక పిన్నో, అత్తో ఉంటుంది. పనికిపోతూ పిల్లాడిని దింపేది ఆమె దగ్గరే, దెబ్బలు తిన్న రాత్రి తలుపు కొట్టేదీ ఆమె తలుపే. మాకు అలా దొరికినావిడకి అక్షరం ముక్క రాదు. లెక్క మాత్రం ఎవరిదీ తప్పు పోదు.

వేధింపుల గురించి ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఫిర్యాదు రాయించడానికి తొందరపడకండి. రేపటి కూలి ముందు చూడండి.

మేస్త్రి చెయ్యేశాడని ఒకామె ఏడుస్తూ చెప్తే మన రక్తం మరిగిపోతుంది, వెంటనే కాగితం తీస్తాం. ఆమెకి పని పిలిచేది ఆ మేస్త్రే. కాగితం వెళ్ళిన మర్నాడు ఆటో ఆమె గుమ్మం ముందు ఆగదు. వారం తర్వాత ఇంట్లోవాళ్ళే "ఎందుకొచ్చిన గొడవ" అంటారు, ఫిర్యాదు పోతుంది, ఆమె మాటా పోతుంది. ఒకసారి నా చేతుల మీదుగానే అలా జరిగింది, ఆ అమ్మాయి ఇప్పటికీ నాతో మాట్లాడదు. అప్పటినుంచి ఆ రాత్రికి రాత్రే వేరే ముఠాతో మాట్లాడి ఆమెకి చోటు చూస్తాం. కాగితం మర్నాడు.

అలాగని నానబెట్టకూడదు. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణముంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట లోపలే కమిటీ ఉండాలి. తోటల్లో, ఇళ్ళల్లో, చిన్న షెడ్లలో అది ఉండదు. అలాంటివాళ్ళకీ, ఫిర్యాదు యజమాని మీదే అయినప్పుడూ జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. రాయడం రాకపోతే రాసిపెట్టే బాధ్యత ఆ కమిటీదే. ఏ జిల్లా అన్నది చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక మేం, కైకలూరు వాళ్ళు ఏలూరు జిల్లాలో ఉన్నాం. తాడేపల్లిగూడెం, ఆకివీడు భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమ గోదావరిలో ఉండిపోయాయి. ఒకే ముఠా పొద్దున ఒక జిల్లాలో, సాయంత్రం ఇంకో జిల్లాలో పనిచేస్తోంది. ఇంకొకటి: డబ్బులిచ్చి రాజీ చేయడం ఆ చట్టం కింద కుదరదు. పెద్దమనుషులు అరుగుమీద కూర్చుని పదివేలకో, ఇరవై వేలకో తేల్చేస్తామంటే ఆ మాట గట్టిగా చెప్పండి.

సమ్మె గురించి. సమ్మెకి ముందు సమ్మె గురించి మాట్లాడకండి, డ్వాక్రా కిస్తీ గురించి మాట్లాడండి.

2023 డిసెంబర్ 12న రాష్ట్రమంతా అంగన్‌వాడీలు సమ్మెకి దిగారు. అప్పటికి కార్యకర్తకి నెలకి 11,500, ఆయాకి 7,000. గ్రాట్యుటీ కూడా వాళ్ళ డిమాండ్లలో ఒకటి. దానికి వాళ్ళు అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తీర్పిచ్చింది. కొన్నిచోట్ల కేంద్రాల తాళాలు పగలగొట్టారు, జనవరిలో సమ్మెని నిషేధిస్తూ ఎస్మా చట్టం పెట్టారు. అయినా 42 రోజులు కూర్చున్నారు. కొన్ని హామీలు వచ్చాయి, జీతం పెంపు తర్వాతకి వాయిదా పడింది. గెలిచారా ఓడారా అని వాదించుకునేవాళ్ళు వాదించుకోనీ. నేను శిబిరంలో చూసింది వేరే. కేంద్రంలో టీచరమ్మ కుర్చీలో, ఆయా పొయ్యి దగ్గర ఉంటారు. శిబిరంలో ఒకే చాప. మూడోవారం వచ్చేసరికి మాటలు జీతం మీదనుంచి కిస్తీ మీదకి మళ్ళాయి. పదిమంది గ్రూపులో ఒకరు కట్టకపోతే తొమ్మిదిమందీ ఇంటిమీదకొస్తారు. పోలీసుని చూసి లేచి వెళ్ళినవాళ్ళు తక్కువ, కిస్తీ తారీఖు చూసి కంగారుపడినవాళ్ళు ఎక్కువ. అక్కడ కూర్చున్న ఒకావిడ చీటీ రాసి ఎవరి కిస్తీ ఏ రోజో వరసగా పెట్టింది. ఎక్కువ ఉన్నవాళ్ళు తక్కువ ఉన్నవాళ్ళది కట్టారు. ఆ చీటీ నేను అడిగి నకలు తీసుకున్నాను. ఇప్పుడు మా దగ్గర ఏ సమ్మె అనుకున్నా మొదటి కాగితం అదే.

మహిళా దినోత్సవమని మార్చి 8న సభ పెట్టకండి, ఆ రోజు కూలి పోతుంది. కూలి ఇప్పించగలిగితే పెట్టండి. దుశ్శాలువాలు అక్కర్లేదు.

ఇక ఆఖరిది, పెద్దలకి అన్నిటికంటే కోపం తెప్పించింది. మగ నాయకుల్ని మీ తరఫున బేరానికి పంపకండి, మీ డబ్బు వాళ్ళ దగ్గర పెట్టకండి.

మా అన్నలు చెడ్డవాళ్ళని కాదు. కేసులు మోశారు, జైళ్ళకెళ్ళారు. కానీ 2015 సెప్టెంబర్‌లో కేరళలో మున్నారు తేయాకు తోటల ఆడవాళ్ళు, ఎక్కువమంది తమిళులు, బోనస్ సగానికి తగ్గించారని రోడ్డెక్కినప్పుడు కంపెనీతో పాటు సంఘాల నాయకుల్ని కూడా దగ్గరికి రానివ్వలేదు. తమ పేరు చెప్పి ఏళ్ళతరబడి ఎవరెవరో బేరమాడుతున్నారన్నది వాళ్ళ బాధ. తొమ్మిది రోజుల్లో 20 శాతం బోనస్ సాధించుకున్నారు. ఆ సంఘాల్లో ఆడసభ్యులు వేలల్లో ఉన్నారు. సంతకం పెట్టే చోట లేరు. మా సంఘానికి అలాంటి రోజు రాకూడదనే ఇదంతా.

మా డబ్బాకి రెండు తాళాలు. ఒక చెవి ఆ చదువురాని పిన్ని దగ్గర, ఇంకోటి రొయ్యల షెడ్డులో మేకులు కొట్టిన అమ్మాయి దగ్గర. పక్కన రెండువందల పేజీల లాంగ్ నోట్‌బుక్. అమ్మాయి రాస్తుంది, పిన్ని నోటితో లెక్క సరిచూస్తుంది. కిందటేడు ఆ ఇద్దరూ నోట్‌బుక్ పట్టుకుని ఏలూరు కార్యవర్గానికి వెళ్ళారు. ఆడవాళ్ళు కట్టిన సభ్యత్వంలో సగం విభాగం ఖాతాలోనే ఉండాలని, తమకి సంబంధించిన బేరాల్లో సంతకం తమదే ఉండాలని అడిగారు. గదిలో పదిహేడు మంది. ఒకాయన "మీ మీద నమ్మకం లేక కాదమ్మా" అని మొదలుపెట్టాడు. పిన్ని "నమ్మకం ఉంటే లెక్క చదవండి బాబూ, మేమూ చదువుతాం" అంది. అమ్మాయి నోట్‌బుక్ తెరిచి మొదటి పేజీనుంచి చదవడం మొదలుపెట్టింది: తేదీ, ఆటో, మనిషి, పది రూపాయలు. నాలుగు పేజీలయ్యాక ఎవరో లేచి ఫ్యాను ఆపారు, వినపడటం లేదని.

ఓటింగులో సంతకం సంగతి గెలిచింది. సభ్యత్వంలో సగం సంగతి ఒక్క ఓటుతో ఓడింది. తిరుగు బస్సులో అమ్మాయి నోట్‌బుక్ ఆఖరి పేజీ తీసి వచ్చే కార్యవర్గం తేదీ రాసుకుంది. పిన్ని పక్కనే కూర్చుని, ఆ పదిహేడు మందిలో ఎవరెవరు చెయ్యెత్తలేదో వేళ్ళమీద లెక్కపెడుతోంది.